తెర మీద పాఠం నడుస్తుంటే టీచరు ఏం చేయాలి?

టీచర్ల నియామక పరీక్ష మెగా డీఎస్సీలో ఎంపికై 2025లో మా శ్రీకాకుళం, విజయనగరం వైపు బడుల్లో చేరిన కొత్త టీచర్లు కొందరు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. ఎక్కువమంది అడిగేది ఒకటే. "మేడం, క్లాసులో డిజిటల్ ప్యానెల్ ఉంది. వీడియో పెడితే పిల్లలు కిక్కురుమనకుండా చూస్తున్నారు. బొమ్మలతో, రంగులతో నాకంటే బాగా చెప్తోంది. ఇంక నేను చేసేదేముంది?"

ఇరవై ఏళ్లకు పైగా హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తున్నాను. సుద్దముక్కతో మొదలుపెట్టి, లాక్‌డౌన్‌లో ఫోన్ మీదుగా, ఇప్పుడు ప్యానెల్ దాకా వచ్చాను. నాకు అర్థమైంది ఇది: పాఠం చెప్పడం మన పనిలో ఇప్పుడు చిన్న భాగం. ఏ పిల్లకి ఎక్కడ అర్థం కాలేదో కనిపెట్టడం పెద్ద భాగం. తెరకి ఈ రెండో పని చేతకాదు. అది చెప్పుకుంటూ పోతుందే గానీ ఎవరి ముఖంలోకీ చూడదు. ఆ చూసే పని ఎలా చేయాలో నేను చేసే వరుసలోనే రాస్తున్నాను. మీ బడికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు వారం రోజులు ఒక నోట్‌బుక్ పట్టుకోండి

ఏ యాప్ వాడాలి, ఏ వీడియో చూపించాలి అన్నది తర్వాత. ముందు మీ క్లాసులో పిల్లల ఇళ్ల సంగతి తెలియాలి. ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ కేటాయించండి. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా? ఉంటే ఎవరిది? ఆ మనిషి ఇంటికి ఎన్ని గంటలకు వస్తారు? రీచార్జ్ నెలంతా ఉంటుందా? ఇంట్లో తెలుగు చదవగలిగినవాళ్లు ఎవరు? ఊళ్లో సిగ్నల్ ఎక్కడ అందుతుంది?

ఇవి రాసుకోకపోతే ఏమవుతుందో నాకు అనుభవమే. 2020లో బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి, మేం వాట్సాప్‌లో లింకులు పంపేవాళ్లం. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నెల రోజుల పాటు ఒక్క లింకూ తెరవలేదు. బడి తెరిచాక అందరి ముందూ గట్టిగా కోప్పడ్డాను. ఏమీ అనకుండా తలవంచుకుని నిలబడింది. తర్వాత తెలిసింది, ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ చెన్నైలో మేస్త్రీ పని చేస్తున్న నాన్న దగ్గర ఉందట. అక్కడ పని మొదలవగానే వెళ్లిపోయాడు, ఫోనూ ఆయనతోనే వెళ్లింది. పిల్లని పక్కకు పిలిచి క్షమించమని అడిగాను గానీ, అందరి ముందు అన్న మాట వెనక్కి రాదు కదా.

మా జిల్లా సంగతి మీకూ తెలుసు. పలాస చుట్టుపక్కల తల్లులు పొద్దున్నే జీడిపప్పు పనికి వెళ్లిపోతారు. తీరం ఊళ్ల నుంచి మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా వేటకు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటారు. ఎంతోమంది పిల్లలు అమ్మమ్మల దగ్గరా నాయనమ్మల దగ్గరా పెరుగుతున్నారు. మందస, మెళియాపుట్టి కొండల్లో సవర గూడేల పిల్లలకు ఫోన్ ఉన్నా సిగ్నల్ కోసం గట్టెక్కాలి. ఈ వివరాలేవీ మనం నింపే ఆన్‌లైన్ ఫారాల్లో ఉండవు. మీ నోట్‌బుక్‌లోనే ఉండాలి.

ఒక జాగ్రత్త: "ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు చేతులెత్తండి" అని క్లాసులో ఎప్పుడూ అడగకండి. మధ్యాహ్నం అన్నాలప్పుడు పక్కన కూర్చుని ఒక్కొక్కరినీ విడిగా అడగండి. వారం పడుతుంది, పట్టనివ్వండి.

అదే వారంలో బడి సామాను కూడా చూసుకోండి. ఏ గదిలో ప్యానెల్ ఉంది, ప్లగ్ వదులుగా ఉందా, స్పీకర్ వెనక బెంచీ దాకా వినిపిస్తుందా, కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది. నెట్‌ని నమ్ముకోకుండా కావలసిన వీడియోలు, బొమ్మలు ముందురోజు రాత్రే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తెర ఉన్న ప్రతి పాఠానికీ సుద్దముక్కతో నడిపే దారి ఒకటి మీ నోట్సులో రాసి ఉంచుకోండి.

పాఠాన్ని రెండుగా విడదీయండి

లెసన్ ప్లాన్ రాసేటప్పుడు పేజీ మధ్యలో ఒక గీత గీయండి. ఎడమవైపు తెర పని, కుడివైపు మీ పని.

కంటికి కనిపించనివి, క్లాసులోకి తేలేనివి ఎడమవైపు రాయండి: గుండెలో రక్తం తిరగడం, అగ్నిపర్వతం పేలడం, తీగలో ఎలక్ట్రాన్ల కదలిక, గ్రహణం. ముట్టుకోగలిగినవి, బడి ఆవరణలో దొరికేవి, మాట్లాడుకుంటే తేలేవి కుడివైపు. వేరు వ్యవస్థ పాఠానికి వీడియో ఎందుకు? బడి వెనక గడ్డి మొక్క పీకితే చాలు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ప్యానెల్ వచ్చాక మొక్క పీకడం మానేసిన బడులు నేను చూశాను. చాలా బాధనిపించింది.

వీడియో ఎప్పుడూ నాలుగు నిమిషాలకు మించి ఏకబిగిన నడపకండి. పెట్టేముందు బోర్డు మీద ఒక ప్రశ్న రాయండి, మధ్యలో ఒకసారి ఆపండి, అయ్యాక ఆ ప్రశ్న దగ్గరికి తిరిగి రండి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి చూడండి. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షాలో చాలా పాఠాలకు వీడియోలున్నాయి. కాకపోతే ముందు మీరు మొత్తం చూశాకే క్లాసులో పెట్టండి.

ముందు అడగండి, తర్వాత చూపించండి

మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్క పని మాత్రం మానకండి. వివరంగా చెప్తాను.

పదో తరగతిలో విద్యుత్ పాఠం. మంచి వీడియో ఒకటి చూపించాను. సెల్, తీగలు, బల్బు, తీగలో నీలంరంగు చుక్కల్లా కదిలే ఎలక్ట్రాన్లు. అయ్యాక "అర్థమైందా?" అన్నాను. "అయింది మేడం" అని నలభై గొంతులు ఒక్కసారి అన్నాయి. ఎందుకో అనుమానం వచ్చింది. బోర్డు మీద ఒక సెల్, ఒక బల్బు గీసి, బల్బుకి ఇటొక అమ్మీటర్, అటొక అమ్మీటర్ (కరెంటు కొలిచే మీటర్) పెట్టాను. బల్బుకి ముందున్న అమ్మీటర్ 0.3 ఆంపియర్లు చూపిస్తే, బల్బు దాటాక ఉన్నది ఎంత చూపిస్తుంది? అ) 0.3 కంటే తక్కువ, ఆ) 0.3, ఇ) సున్నా. చీటీ మీద అక్షరం రాసి మడిచి ఇవ్వమన్నాను.

సగానికి పైగా 'అ' రాశారు. కొందరు 'ఇ' కూడా రాశారు. క్లాసు ఫస్టు వచ్చే అబ్బాయి చీటీ మీద కూడా 'అ' ఉంది.

"ఎందుకు తగ్గుతుంది?" అని అడిగాను. ఒకబ్బాయి లేచి, "బల్బు వెలగాలంటే కరెంటు ఖర్చయిపోవాల కదా మేడం. మరి బిల్లెందుకొస్తాది?" అన్నాడు. ఎంత చక్కటి తర్కం! ఇంట్లో అమ్మ "కరెంటు ఖర్చయిపోతోంది, ఫ్యాన్ కట్టెయ్" అనడం రోజూ వింటున్నాడు. వాడి మనసులో ఆ మాట ఉండగా, నీలం చుక్కలు ఎన్నిసార్లు తిరిగినా వాడికి కనిపించేది 'ఖర్చు' మాత్రమే. ఆ సంగతి తెరకి తెలిసే మార్గం లేదు. నాకు తెలిసింది, అదీ చీటీ అడిగాను కాబట్టి.

అప్పుడు చేసింది చెప్తాను, మీరూ ఇదే వరుసలో చేయండి. 'అ' రాసినవాళ్లనీ 'ఆ' రాసినవాళ్లనీ జంటలుగా కూర్చోబెట్టి, "పక్కవాళ్లని ఒప్పించండి" అని ఐదు నిమిషాలు వదిలేశాను. ఏది సరైనదో చెప్పలేదు. గోల గోలగా ఉంటుంది, కంగారు పడకండి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ 1990ల మొదట్లో ఈ పద్ధతినే పెంచి ప్రచారంలోకి తెచ్చారు. తన లెక్చర్లు మెచ్చుకునే విద్యార్థులు చిన్న మౌలిక ప్రశ్నల దగ్గర తప్పుతున్నారని గమనించి మార్చుకున్నారాయన. అంతటి చోటే ఆ ఇబ్బంది ఉంటే మనకు ఉండటంలో తప్పేమీ లేదు.

గోల సద్దుమణిగాక రెండోసారి చీటీలు తీసుకున్నాను. కొందరు మారారు, కొందరు మొండిగా ఉన్నారు. అప్పుడు ప్యానెల్ మీద ఫెట్ సిమ్యులేషన్ తెరిచాను. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 2002 నుంచి తయారుచేస్తున్న ఉచిత ప్రయోగ బొమ్మలివి. తెలుగులో కూడా ఉన్నాయి, ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. మొండిగా ఉన్నవాళ్లలో ఒకమ్మాయిని పిలిచి తనచేతే సర్క్యూట్ కట్టించాను. రెండు మీటర్లూ ఒకే అంకె చూపించాయి. "బొమ్మ కాబట్టి అలా చూపిస్తోంది" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. సంతోషమనిపించింది. తెర మీద కనిపించిందల్లా నమ్మకూడదని వాడికి తెలుసు. వెంటనే ల్యాబ్ నుంచి నిజం సెల్లు, టార్చి బల్బు, అమ్మీటర్లు తెచ్చి బల్ల మీద పెట్టాం. ముల్లు రెండు చోట్లా ఒకే గీత దగ్గర ఆగింది.

మరి బిల్లు ఎందుకొస్తుంది? దానికి సైకిల్ తెప్పించాను. స్టాండ్ వేసి పెడల్ తిప్పితే గొలుసు పైనా కిందా ఒకే వేగంతో నడుస్తుంది, ఎక్కడా అరిగి తగ్గిపోదు. కానీ కాలి బలం వెనక చక్రానికి చేరుతోంది. గొలుసు కరెంటు, చక్రానికి చేరేది శక్తి. బిల్లు కట్టేది శక్తికి. అడిగినవాడు కాసేపు గొలుసుకేసి చూసి, "అయితే మా అమ్మ తప్పు చెప్పింది" అన్నాడు. "అమ్మ చెప్పింది శక్తి గురించి, మాట మాత్రం కరెంటు అని వాడింది" అన్నాను. ఇంటికెళ్లి అమ్మకి చెప్పే తీరు కూడా నేర్పాలి కదా.

ఒక్క ప్రశ్నకి ఒక పీరియడ్ పట్టింది. సిలబస్ వెనకబడుతుందని టెన్షన్ పడకండి. నెలకి రెండు ప్రశ్నలకైనా ఇలా సమయం ఇవ్వండి, మిగతా పాఠాలు తేలిగ్గా నడుస్తాయి.

చీటీలు లెక్కపెట్టడం కష్టమనిపిస్తే ప్లికర్స్ అనే యాప్ ఉంది. ఒక్కో పిల్లకీ ఒక కార్డు ప్రింట్ తీసి ఇస్తారు. కార్డుని ఏ వైపు పైకి తిప్పి పట్టుకుంటే ఆ సమాధానం అన్నమాట. మీ ఫోన్ కెమెరా క్లాసంతా ఒకసారి చూసి ఎవరేం చెప్పారో చదువుతుంది. పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు, పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కూడా కష్టం.

సౌండ్ తీసేసి చూపించండి

వీడియోలు చాలావరకు ఇంగ్లిష్‌లో ఉంటాయి. 2020 నుంచి మన పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగుగా వస్తున్నా, వీడియోలో వేగంగా మాట్లాడే గొంతుని పిల్లలు పట్టుకోలేరు. దీనికి నా దగ్గర ఒక మందు ఉంది. మొదటిసారి సౌండ్‌తో చూపించండి. రెండోసారి సౌండ్ ఆపేసి, ఒక పిల్లని ప్యానెల్ పక్కన నిలబెట్టి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనండి. తన మాటల్లో, మన ఊరి తెలుగులో చెప్పనివ్వండి. "ఇదేటంటే, గాలి లోపలికెళ్లినాది, ఇక్కడ రగతంలో కలిసినాది" అంటుంది. మధ్యలో దిద్దకండి. ఎక్కడ ఆగిందో అక్కడే పాఠం అర్థం కాలేదని మీకు తెలిసిపోతుంది. పుస్తకం మాట తర్వాత నేర్పవచ్చు.

ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలుంటారు, కొండ గూడేల్లో సవర మాట్లాడేవాళ్లుంటారు. వాళ్లని వాళ్ల భాషలో చెప్పమనండి. మీకు అర్థం కాకపోతే ఆ భాష వచ్చిన ఇంకో పిల్లని తెలుగులోకి చెప్పమనండి. ఈ విషయంలో మనకు దారి చూపినవాడు మన జిల్లా టీచరే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఏటా ఆగస్టు 29న మనం బడిలో దండ వేసేది ఆయన ఫొటోకే. ఆ రోజు ఒక సవర పిల్లచేత సవరలో మాట్లాడించండి.

ఏఐ రాసినదాన్ని దిద్దించండి

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత పిల్లలకన్నా ముందు మనమే వాడటం మొదలుపెట్టాం. బిట్ పేపర్లు, లెసన్ ప్లాన్లు, ఆగస్టు 15 ప్రసంగాలు. వాడటంలో తప్పులేదు, దిద్దకుండా వాడటం తప్పు.

ప్రశ్నపత్రం అడిగేటప్పుడు "ఎనిమిదో తరగతి ఒత్తిడి పాఠం మీద పది ప్రశ్నలు ఇవ్వు" అంటే ఎక్కడైనా దొరికే ప్రశ్నలే వస్తాయి. "ఈ పాఠంలో పిల్లలు సాధారణంగా ఎక్కడ పొరబడతారు? ఒక్కో పొరపాటుకీ ఒక ప్రశ్న, నాలుగు జవాబులు ఇవ్వు. తప్పు జవాబులు ఆ పొరపాటు నుంచే పుట్టాలి" అని అడగండి. పనికొచ్చేవి వస్తాయి. వచ్చిన ప్రతి లెక్కనీ మీరు కాగితం మీద చేసి చూశాకే పిల్లలకివ్వండి. తప్పుడు జవాబుని కూడా అది ఎంతో ధీమాగా చెప్తుంది. తెలుగు కూడా మార్చాలి. "విద్యుత్ ప్రవాహము యొక్క పరిమాణమును కనుగొనుము" అని రాస్తే, "తీగలో కరెంటు ఎంత పోతోందో కనుక్కోండి" అని మార్చుకోండి. గిడుగు వారు పోరాడింది ఇలాంటి తెలుగు మీదే.

పిల్లలకి ఏఐ గురించి ఉపన్యాసం చెప్పకండి. చేతికి పని ఇవ్వండి. నేను ఏడో తరగతిలో చేయించింది ఇది. పొందూరు ఖద్దరు ఎలా తయారవుతుందో ఒక పేజీ రాయమని ఒక ఏఐ యాప్‌ని అడిగి, వచ్చిందాన్ని ప్రింట్ తీసి నలుగురికొకటి పంచాను. "ఇందులో ఏది నిజం, ఏది కాదు, ఏది రాయలేదు? ఇంట్లో, ఊళ్లో తెలిసినవాళ్లని అడిగి ఎర్ర పెన్నుతో దిద్దుకు రండి" అన్నాను. రెండు రోజుల్లో కాగితాలు ఎర్రబడి తిరిగొచ్చాయి. పత్తిని ఏకడానికి మన దగ్గర వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ సన్నటి పళ్ల మధ్యే పత్తి శుభ్రపడుతుంది. ఏఐ రాసిన పేజీలో దాని ఊసే లేదు. ఒకమ్మాయి వాళ్ల మామ్మ దగ్గర నుంచి ఆ దవడ ముక్కనే కాగితంలో చుట్టి తెచ్చింది. పిల్లలంతా దాని పళ్ల మీద వేలు పెట్టి చూశారు. మీ ఊళ్లో ఏముంటే దాని మీద చేయండి: బొబ్బిలి వీణ, బుడితి ఇత్తడి సామాను, పైడితల్లి సిరిమాను, మీ ఊరి చెరువు.

ఇంటి దగ్గర ఏఐతో రాయించిన వ్యాసం తెచ్చిన పిల్లని దొంగలా చూడకండి. పక్కన కూర్చోబెట్టి ఆ వ్యాసంలోంచి మూడు ప్రశ్నలు నోటితో అడగండి. చెప్పగలిగితే మంచిదే. చెప్పలేకపోతే క్లాసులో మళ్లీ సొంతంగా నాలుగు వాక్యాలు రాయించండి, వాటికే మార్కులు వేయండి.

తల్లిదండ్రుల గ్రూపు

వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్ చేయండి. పొడవాటి మెసేజ్‌లు వద్దు. చదవలేని తల్లులు చాలామంది ఉన్నారు, ముప్పై సెకన్ల వాయిస్ పెట్టండి. "అమ్మా, రేపు పిల్లలకి తెల్ల కాగితం ఒకటి, దారం ఉండ ఒకటి ఇచ్చి పంపండి" అంటే చాలు. సాయంత్రం ఏడు తర్వాత ఏమీ పంపకండి. ఎవరి మార్కులూ, ఎవరి తప్పులూ అందులో పెట్టకండి.

దూరంలో ఉన్న నాన్నల కోసం ఒక పని చేయవచ్చు. శనివారం పిల్లచేత పుస్తకంలోంచి ఐదు వాక్యాలు అమ్మ ఫోన్లో చదివించి, ఆ వాయిస్ నేరుగా నాన్నకి పంపించమనండి. గ్రూపులో కాదు, నాన్నకి మాత్రమే. ఐదో తరగతి దాటినా కూడబలుక్కుని చదివే ఒక పిల్లకి ఇలా మొదలుపెట్టించాను. తండ్రి వేరావల్‌లో పడవ మీద ఉండేవాడు. ఒడ్డుకొచ్చినప్పుడు పది వారాలవీ వరసగా విని నాకు ఫోన్ చేశాడు. "దాని గొంతు పెద్దదైపోనాది మేడం" అన్నాడు. చాలాసేపు ఇంకేమీ మాట్లాడలేకపోయాడు. చదువు మెరుగైందా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. మెరుగైంది.

చదవడానికి కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసి, ప్రింట్ తీసి, దారంతో కుట్టి ఇస్తే ఫోన్ లేని ఇంటికీ పుస్తకం చేరుతుంది.

పిల్లల వివరాలు, ఊరి ఫోన్లు

పిల్లల ఫొటోలు, ఆధార్ నంబర్లు, పుట్టిన తేదీలు ఏ యాప్‌లో పడితే ఆ యాప్‌లో పెట్టకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఏఐ యాప్‌కి పిల్లల జవాబులు ఇచ్చేటప్పుడు పేరు కొట్టేసి ఇవ్వండి.

ఊళ్లో ఫోన్‌తో ఏ ఇబ్బంది వచ్చినా టీచర్ దగ్గరికే వస్తారు. ప్రభుత్వ పథకం 'తల్లికి వందనం' డబ్బులు పడ్డాయి, లింకు నొక్కండి అంటూ మెసేజ్ వచ్చిందని ఒక తల్లి ఫోన్ పట్టుకుని వచ్చింది. నొక్కకముందే వచ్చింది కాబట్టి సరిపోయింది. తల్లిదండ్రుల సమావేశంలో పది నిమిషాలు దీనికే కేటాయించండి: ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. పిల్లకి ఆన్‌లైన్‌లో ఎవరైనా ఇబ్బంది పెడుతుంటే 1098 ఉంది. రెండు నంబర్లూ బడి గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయించండి.

యాప్‌ల పని

హాజరు, భోజనం, ఫొటోలు, రకరకాల ఎంట్రీలు. ఇవి పాఠాల సమయం తినేస్తున్నాయన్నది మనందరి బాధ, అది నిజమైన బాధ. పై వాళ్లు తగ్గించేదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. ఎంట్రీలన్నీ టీచర్లు వారాలవారీగా పంచుకోండి, పాఠం మధ్యలో ఫోన్ తీయాల్సిన పని ఒక్కరికే ఉండాలి. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశంలో ఈ లెక్క రాతపూర్వకంగా పెట్టండి: ఏ ఎంట్రీకి రోజుకి ఎన్ని నిమిషాలు పోయాయో, తేదీలతో సహా.

మీ క్లాసుని మీరే వినండి

చివరగా, ఫోన్‌ని మీ మీద ఉపయోగించండి. వారానికోసారి పాఠం మొదట్లో వాయిస్ రికార్డర్ నొక్కి బల్ల మీద పెట్టేయండి. పది నిమిషాలు చాలు. రాత్రి ఇంట్లో ఒక్కరే కూర్చుని వినండి, విన్నాక చెరిపేయండి. ఒక కాగితం మీద మూడు లెక్కలు వేయండి. మీరెంతసేపు మాట్లాడారు, పిల్లలెంతసేపు మాట్లాడారు, ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగారు.

మూడోది ముఖ్యం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న వేశాక దాదాపు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారని ఆమె చూపించారు. ప్రశ్న అడిగి మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోండి. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించడం కష్టం, తర్వాత అలవాటవుతుంది.

నేను మొదటిసారి రికార్డ్ చేసింది ఎనిమిదో తరగతి ధ్వని పాఠం. వింటుంటే నా గొంతే గొంతు. ఆరో నిమిషంలో, నేను వీడియో ఆన్ చేయబోతుండగా, వెనక నుంచి సన్నగా "మేడం, మరీ..." అని వినిపించింది. నేను ఆగలేదు. వీడియో మొదలైపోయింది. నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను, గొంతు ఎవరిదో గుర్తుపట్టాను.

మర్నాడు ఆ పిల్లని పిలిచి, నిన్న ఏమడగబోయావమ్మా అన్నాను. తీరం ఊరి పిల్ల. "రాత్రిళ్లు సముద్రం హోరు మా ఇంటికి గట్టిగా వినిపిస్తాది మేడం. పగలు అంత వినిపించదు. ఎందుకు?" అంది.

ఆ పిల్ల ప్రశ్న ఏ వీడియోలోనూ లేదు. ఆ రోజు పీరియడంతా దానికే ఇచ్చాం. రాత్రి చుట్టూ చప్పుళ్లు తగ్గుతాయని ఒకరు చెప్పారు, అదీ నిజమే. అసలు సంగతి ఇంకొకటి ఉంది: రాత్రిపూట నేల చల్లబడి, దాని పక్క గాలి కూడా పైగాలి కంటే చల్లగా ఉంటుంది. చల్లటి గాలిలో ధ్వని మెల్లగా, వెచ్చటి గాలిలో వేగంగా వెళ్తుంది కాబట్టి, పైకి పోవాల్సిన హోరు కిందికి వంగి ఇళ్ల మీదికొస్తుంది. పగలు నేల వేడెక్కి ఇదంతా తిరగబడుతుంది, హోరు పైకి వంగిపోతుంది. బోర్డు మీద వంపు గీతలు గీసింది ఆ పిల్లే.

మీ రికార్డింగ్‌లో అలా ఆగిపోయిన గొంతు దొరికితే, ఎవరిదో గుర్తుపట్టి, మర్నాటి మొదటి పది నిమిషాలు ఆ పిల్లకివ్వండి.